జనాన్ని బట్టి స్కానింగ్

తలకి దెబ్బ తగిలి క్యాజువాలిటీకి వచ్చిన మనిషికి సిటీ స్కాన్ రాస్తారా రాయరా అన్నది మా వైపు ఆ మనిషిని చూడకుండానే చెప్పేయొచ్చు. వెంట ఎంతమంది వచ్చారో చూస్తే చాలు. బండి మీంచి పడ్డ పాతికేళ్ల కుర్రాడి వెనకాల రెండు ఆటోల జనం దిగి, అందులో ఒకాయన ఫోన్లో ఎవరో పెద్దమనిషిని లైన్లో పెట్టి "ఒక్కసారి మాట్లాడండి సార్" అని డ్యూటీ డాక్టరు చేతికిచ్చాడంటే స్కాన్ అయిపోయినట్టే. బాత్రూంలో జారిపడ్డ డెబ్బై ఏళ్ల ముసలామె కోడలితో వచ్చి బెంచీ చివర కూర్చుంటే రెండు కుట్లు, ఒక టీటీ ఇంజెక్షన్, నొప్పి మాత్రలు, ఇంటికి. నేను చాన్నాళ్లుగా శ్రీకాకుళం జిల్లాలో క్యాజువాలిటీ డ్యూటీలు చేస్తున్నాను, చిన్న ఆసుపత్రులూ పెద్దవీ తిరిగాను, ఎక్కడ చూసినా ఇదే వరస. స్కాన్లు ఎక్కువైపోయాయని కొందరు, చాలడం లేదని కొందరు అంటుంటారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. అక్కర్లేని వాళ్లకి తీస్తున్నాం, కావలసిన వాళ్లని పంపించేస్తున్నాం, అదీ ఒకే రాత్రి, ఒకే డాక్టరు చేతి మీదుగా.

ముందు లెక్క చెప్తాను. గ్లాస్గో కోమా స్కేలు అని 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారు చేసిన కొలత ఒకటుంది. కళ్లు ఎలా తెరుస్తున్నాడు, ఎలా మాట్లాడుతున్నాడు, చేతులూ కాళ్లూ ఎలా కదుపుతున్నాడు, ఈ మూడింటికీ మార్కులు వేస్తారు. పూర్తి తెలివిలో ఉంటే 15, ఏ చలనమూ లేకపోతే 3. తల దెబ్బ తగిలాక 13 నుంచి 15 మధ్య ఉంటే చిన్న దెబ్బ కిందే జమ. వీళ్లలో చాలామందికి లోపల ఏమీ ఉండదు, ఇందులో ఎవరికీ అనుమానం లేదు. ఆ ఉన్న కొద్దిమంది ఎవరన్నదే తేల్చుకోవాలి.

దీని మీద పేరున్న పని కెనడాలో జరిగింది. ఒట్టావా డాక్టరు ఇయాన్ స్టీల్, ఆయన బృందం పది ఆసుపత్రుల్లో 3,121 మందిని చూసి 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక నియమం ప్రచురించారు. ఆ మొత్తంలో పట్టించుకోవలసినంత మెదడు గాయం ఉన్నవాళ్లు 8 శాతం, మెదడు ఆపరేషన్లు చేసే న్యూరోసర్జన్ చెయ్యి పెట్టవలసి వచ్చింది 1 శాతానికి. ఆ 1 శాతాన్ని వదిలిపెట్టకుండా పట్టుకోవడానికి అయిదు సంగతులు చూడమన్నారు: దెబ్బ తగిలిన రెండు గంటలకి కూడా 15 మార్కులు రాకపోవడం, పుర్రె పగిలిందనో లోపలికి నొక్కుకుపోయిందనో అనుమానం ఉండటం, పుర్రె అడుగుభాగం విరిగిన గుర్తులు (కళ్ల చుట్టూ నల్లగా కమలడం, చెవి వెనక కమిలిన మచ్చ, చెవిలోంచో ముక్కులోంచో రక్తం గానీ నీళ్ల లాంటిది గానీ కారడం), రెండు లేదా ఎక్కువ వాంతులు, 65 ఏళ్లు నిండి ఉండటం. ఒక్కటున్నా స్కాన్. ఇవి కాక ఇంకో రెండు: దెబ్బకి ముందు అరగంటో ఆపైనో జరిగింది గుర్తు లేకపోవడం, ప్రమాదం గట్టిది కావడం, అంటే నడిచే మనిషిని వాహనం గుద్దడం, వాహనంలోంచి బయటికి విసిరేసినట్టు పడటం, మూడడుగుల ఎత్తు నుంచో అయిదు మెట్ల మీంచో పడటం. ఈ రెండూ ఆపరేషన్ దాకా పోకపోయినా లోపల గాయం ఉండే అవకాశాన్ని చెప్తాయి.

చాలామంది మర్చిపోయే సంగతి ఏంటంటే, ఈ నియమం స్పృహ తప్పినవాళ్లకి, జరిగింది మర్చిపోయినవాళ్లకి, అయోమయంగా మాట్లాడినవాళ్లకి మాత్రమే. నుదురు గుమ్మానికి కొట్టుకుని బొప్పి కట్టినవాడికి దీన్ని వాడక్కర్లేదు. అలాగే 16 ఏళ్లలోపు పిల్లల్ని, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లని, దెబ్బ తర్వాత ఫిట్స్ వచ్చినవాళ్లని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. కాబట్టి "కెనడా రూల్ ప్రకారం ఏమీ లేదు" అని వాళ్లని ఇంటికి పంపడానికి ఎవరికీ హక్కు లేదు.

అంతకు ఏడాది ముందు, 2000లో, అమెరికాలో న్యూ ఆర్లీన్స్ వాళ్లు ఇంకో జాబితా ఇచ్చారు. స్పృహ తప్పి లేచినవాడికి తలనొప్పి, ఒక్క వాంతి, 60 దాటిన వయసు, తాగి ఉండటం, ఫిట్స్, ఇప్పుడే చెప్పింది మర్చిపోవడం, మెడ కింది ఎముకకి పైన ఏ గాయమైనా సరే, వీటిలో ఏదున్నా స్కాన్. మా క్యాజువాలిటీకి వచ్చేవాళ్లలో తలనొప్పి గానీ మొహం మీద గీత గానీ లేనివాడు ఉంటే చూపించండి. 2005లో రెండింటినీ ఒకే జనం మీద పోల్చి చూశారు. ఆపరేషన్ కావలసినవాళ్లని రెండూ వదల్లేదు. కానీ కెనడా లెక్కలో నూటికి 52 మందికి, న్యూ ఆర్లీన్స్ లెక్కలో 88 మందికి స్కాన్ కావలసి వచ్చింది. ఆ తేడా ఉన్న ముప్పై ఆరు మందే మా దగ్గర రాత్రి పదకొండింటికి మిషన్ గది బయట లైనులో ఉండేది, వాళ్ల వెనకాలే అసలు తీయాల్సిన మనిషి కూడా.

స్కాన్ తీస్తే నష్టమేంటి అంటారు. పెద్దవాళ్లకి రేడియేషన్ వల్ల పెద్ద నష్టం లేదు, నేను భయపెట్టను. ఒక తల స్కాన్ సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు, మట్టి నుంచీ ఆకాశం నుంచీ మనకి ఏడాది పొడుగునా ఎలాగూ తగిలేదానికి కాస్త అటూ ఇటూ. అసలు నష్టం డబ్బు, టైము. జీడిపప్పు బట్టీలో పనిచేసే మనిషికి ప్రైవేటు స్కాన్ బిల్లంటే రోజుల తరబడి కూలి. మిషన్ లేని ఊళ్లో పడితే సిక్కోలుకి, అంటే శ్రీకాకుళం టౌనుకి రావాలి. న్యూరోసర్జన్ కావాలంటే చాలాసార్లు విశాఖపట్నమే, సిక్కోలు నుంచి ఇంకో వంద కిలోమీటర్ల పైన.

కాబట్టి ఒట్టావా కాగితాన్ని అలాగే తెచ్చి ఇక్కడ గోడకి అంటిస్తే సరిపోతుందని నేననను. అక్కడే సరిపోలేదు. అదే బృందం ఆ నియమాన్ని ఆసుపత్రుల్లో గట్టిగా అమలు చేయించి చూసి 2010లో ఫలితం ప్రచురించింది, స్కాన్లు తగ్గకపోగా పెరిగాయి. గోడ మీద కాగితం చదివి నిర్ణయం తీసుకునే డాక్టరు అక్కడా లేడు, ఇక్కడా లేడు. భయపడేవాళ్లూ, అలసిపోయినవాళ్లూ, వెనకాల జనం నిలబడి ఉన్నవాళ్లూ ఉన్నారు.

ఇక మన సంగతి. "వాహనంలోంచి విసిరేసినట్టు పడటం" అని వాళ్లు రాసుకున్నది కార్లని తలుచుకుని. ఎన్‌హెచ్ 16 మీద నరసన్నపేట దగ్గరో టెక్కలి దగ్గరో బండి అదుపు తప్పితే ఎగిరిపడనివాడెవడు? హెల్మెట్ ట్యాంకు మీద ఉంటుంది, లేదా అద్దానికి వేలాడుతూ ఉంటుంది, పోలీసులు కనిపిస్తే నెత్తి మీదికి వస్తుంది. హెల్మెట్ లేకుండా బండి మీంచి ఎగిరిపడి, ఒక్క నిమిషమైనా స్పృహ తప్పినవాడిని నేను గట్టి ప్రమాదం కిందే లెక్కేస్తాను. అదే, ఆగి ఉన్న బండి మీంచి పక్కకి ఒరిగి, మోచెయ్యి గీసుకుని, అన్నీ వరసగా చెప్తున్నవాడికి అక్కర్లేదు, వాడి మామయ్య ఎవరైనా సరే. ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్ల గురించి అసలు చర్చే లేదు, మూడడుగులేంటి, ముప్పై అడుగులుంటుంది.

తాగి పడ్డవాళ్ల దగ్గర నేను చూసినంత నిర్లక్ష్యం ఇంకెక్కడా చూడలేదు. "తాగేసి పడిపోనాడు సార్, తెల్లారితే లేస్తాడు" అని తెచ్చినవాళ్లే చెప్తారు, స్టాఫ్ కూడా స్ట్రెచర్ గోడవారకి జరిపేస్తారు. ఒక తాపీమేస్త్రిని అలా తెచ్చారు. ఊరంతా తెలిసిన తాగుబోతు, గురక పెడుతున్నాడు, నుదుటి మీద చిన్న చీలిక. ఇంటికి తీసుకుపోతామన్నారు. వాళ్లావిడ మాత్రం కదల్లేదు. "రోజూ తాగుతాడు బాబూ, ఎంత తాగినా నన్ను పోల్చకుండా ఎప్పుడూ లేడు, ఈయేల నా మొకం సూసి నువ్వెవులే అంటన్నాడు" అంది. నేనాయన మార్కులు అరగంటకోసారి వేయిస్తూ ఉన్నాను, మందు దిగుతుంటే మార్కులు పెరగాలి కదా, పెరగలేదు, అదే 13 దగ్గర ఆగిపోయాయి. స్కాన్‌లో మెదడు పైపొర కింద రక్తం. నేను వేసిన మార్కుల కన్నా ఆవిడ చెప్పిన ముక్కే ముందు పనిచేసింది. అప్పటి నుంచీ, తాగినా తాగకపోయినా, ఇంట్లోవాళ్లని "ఎప్పటిలా ఉన్నాడా?" అని అడగకుండా నేను కాగితం మీద సంతకం పెట్టను.

ముసలివాళ్ల దగ్గరికొద్దాం, నాకు కోపం వచ్చేది ఇక్కడే. వయసు మీదపడే కొద్దీ మెదడు కాస్త చిక్కుతుంది, దానికీ పైపొరకీ మధ్య వంతెనల్లా ఉండే సన్నటి సిరలు సాగి ఉంటాయి, కాస్త కుదుపుకే తెగుతాయి. రక్తం బొట్టుబొట్టుగా ఊరుతుంది. ఖాళీ ఉంది కాబట్టి వెంటనే ఏ లక్షణమూ కనిపించదు. మూడు నాలుగు వారాల తర్వాత ఆవిడ అన్నం తిన్నానో లేదో మర్చిపోవడం, ఒక కాలు ఈడ్చడం, మంచంలోనే ఒంటికి పోసుకోవడం మొదలుపెడితే "ముసల్దానికి సాదస్తం వొచ్చింది" అని ఇంట్లో సర్దుకుంటారు. పుర్రెకి చిన్న కన్నం పెట్టి ఆ రక్తం తీసేస్తే వీళ్లలో చాలామంది మళ్లీ మామూలు మనుషులవుతారు. కానీ ఎప్పుడో జారిపడిన సంగతి అప్పటికి ఎవరికి గుర్తుంటుంది?

దీనికి తోడు మాత్రలు. "మామ్మా, ఏం మాత్రలు వాడుతున్నావు?" అంటే నూటికి తొంభై మంది "బీపీ మాత్రలు బాబూ" అంటారు. నేను నమ్మను, కవరు తెప్పించమంటాను. అందరిళ్లలోనూ ఉంటుంది ఆ కవరు, మెడికల్ షాపు పేరున్న నల్లటి ప్లాస్టిక్‌దో, బట్టల షాపుదో, మూతి ముడేసి దేవుడి గూట్లోనో టీవీ వెనకో పెడతారు. ఒకసారి అలాగే కోడలు విసుక్కుంటూనే కొడుక్కి ఫోన్ చేసి తెప్పించింది. విప్పి బల్ల మీద బోర్లిస్తే సగం వాడిన అట్టలు, ఎక్స్‌పైరీ అయిపోయిన దగ్గు మందు, విశాఖలో స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జి కాగితం నాలుగు మడతలు పెట్టి, దాని మడతలో క్లోపిడోగ్రెల్ అట్ట, పొద్దున్నే ఒకటి చింపి వేసుకున్న గుర్తుతో సహా. అది రక్తం గడ్డ కట్టకుండా చూసే మందు. ఇంకొందరి కవర్లలో అసిట్రోమ్ ఉంటుంది, గుండె వాల్వు మార్చినవాళ్లకి ఇస్తారు, అది ఇంకా గట్టిది. ఆవిడ స్పృహ తప్పలేదు, వాంతి చేసుకోలేదు, నాతో సరదాగానే మాట్లాడింది. స్కాన్ రాశాను. ఏమీ లేదు, క్లీన్. అయినా రాయాల్సిందే, మళ్లీ వచ్చినా రాస్తాను. క్లీన్‌గా వచ్చిందని అది దండగ స్కాన్ అయిపోదు.

ఇంకో రకం మనిషి మా జిల్లాకే ప్రత్యేకం. ఉద్దానం కిడ్నీ రోగుల గురించి తెలియనివాళ్లు ఇప్పుడు లేరు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఆ కొబ్బరితోటల మధ్య ఎన్నో ఇళ్లలో వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కి వెళ్లే మనిషి ఒకరుంటారు. కిడ్నీలు పోయినవాళ్లకి రక్తంలో ప్లేట్‌లెట్లు ఉన్నా సరిగ్గా పనిచెయ్యవు. పైగా డయాలసిస్ మిషన్‌లో రక్తం గడ్డ కట్టకుండా హెపారిన్ వాడతారు. పైగా మిషన్ మీంచి లేచాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అంటే పడేదీ వాళ్లే, పడితే లోపల రక్తం ఆగనిదీ వాళ్లకే. ఇలాంటి మనిషి డయాలసిస్ రోజు సాయంత్రం ఇంట్లో తూలి తల గోడకి కొట్టుకుంటే, చూడటానికి ఎంత చిన్న దెబ్బైనా, నేను ఏ నియమమూ తిరగెయ్యను. సిక్కోలు జిల్లాలో క్యాజువాలిటీ డ్యూటీ చేసే ప్రతి కొత్త డాక్టరుకీ మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది, నేను పైన చెప్పిన విదేశీ పట్టికల్లో వెతుక్కుంటే దొరకదు.

ఇళ్లలో నడిచే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. "రక్తం బయటికి పోయింది కదా, మంచిదే, లోపల గడ్డ కట్టదు" అంటారు. నెత్తి చర్మానికి రక్తనాళాలెక్కువ, చిన్న చీలికకే చొక్కా తడిసిపోతుంది, దానికీ పుర్రె లోపలికీ సంబంధం లేదు. "ముక్కుల్లోంచి చెవుల్లోంచి రక్తం రాలేదు, ఏం కాదు" అంటారు. వస్తే ప్రమాదమే, కానీ రాకపోయినంత మాత్రాన ఏమీ లేదని కాదు. గాయంలో కాఫీ పొడి కూరడం ఒకటి, కుట్లు వేసే ముందు అది కడిగేసరికి మాకు తాతలు దిగొస్తారు. ఇక నిద్రపోనివ్వకూడదని చెంపలు వాయించడం. నిద్ర వల్ల చెడు జరగదండీ. నిద్రపోయినవాడు మత్తులోకి జారుకుంటే మనకి తెలియదన్నదే అసలు భయం. అందుకని మధ్యమధ్యలో లేపి పేరు అడిగితే చాలు, రాత్రంతా హింస పెట్టక్కర్లేదు.

పిల్లల సంగతి క్లుప్తంగా. అమెరికాలో 25 ఆసుపత్రుల్లో 42 వేల పైచిలుకు పిల్లల్ని చూసి 2009లో పెకార్న్ అనే నియమం తెచ్చారు. రెండేళ్లలోపు పిల్ల ఎప్పటిలా ఆడుతూ, నుదుటి మీద మాత్రమే బొప్పి కట్టి, మంచం ఎత్తు నుంచే పడి, స్పృహ తప్పకుండా ఉంటే స్కాన్ అక్కర్లేదు. బొప్పి నుదుటి మీద కాకుండా తల వెనకో పక్కనో ఉంటే, నొక్కితే మెత్తగా ఉంటే, జాగ్రత్త పడాలి. పసిపిల్లల దగ్గర రేడియేషన్ మాట కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి అనుమానం మధ్యస్తంగా ఉన్నప్పుడు కొన్ని గంటలు కళ్లముందు ఉంచుకోవడమే మేలు. తల్లి "పిల్ల ఎప్పటిలా లేదు" అంటే మాత్రం నేను వాదించను.

మరి ఇన్ని తెలిసీ డాక్టర్లు ఆ కుర్రాడికి ఎందుకు రాస్తారు? బండి యాక్సిడెంట్ అంటే ఎమ్మెల్సీ, అంటే పోలీసుల దాకా వెళ్లే మెడికో లీగల్ కేసు. పోలీసులొస్తారు, గాయాల సర్టిఫికెట్ అడుగుతారు, ఇన్సూరెన్సు వాళ్లు, ఆ తర్వాత లాయరు, అందరూ మొదట అడిగేది "స్కాన్ రిపోర్టు ఏదీ?" అనే. 1995లో సుప్రీంకోర్టు డాక్టర్లని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది, అది మంచి తీర్పే అని నా అభిప్రాయం, కానీ నైట్ డ్యూటీలో ఒంటరిగా ఉన్న హౌస్ సర్జన్ బుర్రలో అది వేరే రకంగా పనిచేస్తుంది. రాసి తప్పు చేసినవాడిని ఎవరూ కోర్టుకి లాగరు, రాయకుండా ఒప్పు చేసినవాడికి టెన్షన్ తప్పదు. కొన్నిచోట్ల కమీషన్లు కూడా ఉన్నాయి, దాని గురించి అందరికీ తెలుసు. ముసలామె తరఫున ఏ లాయరూ రాడు, అందుకే ఆవిడ కాగితం మీద స్కాన్ ఉండదు.

నేననేది, ఆ రెండు గంటలు వాడుకోండి అని. కెనడా నియమంలో మొదటి అంశమే అది, మేం ఎవరం పాటించనిదీ అదే. వచ్చినవాడిని పది నిమిషాల్లో మిషన్ మీదికో ఇంటికో పంపేస్తాం, కూర్చోబెట్టడానికి మంచం లేదు, మార్కులు వెయ్యడానికి మనిషి లేదు. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఒట్టావాలో ఆ రెండు గంటలు ఆసుపత్రిలో గడుస్తాయి, మందస కొండల నుంచి వచ్చినవాడికి దారిలోనే అయిపోతాయి. అందుకని ఎన్నింటికి పడ్డాడన్నది గట్టిగా అడిగి రాయాలి. "పొద్దు వాలీసరికి", "సీరియల్ అవుతున్నప్పుడు" అంటారు, పర్లేదు, ఆ సీరియల్ ఎన్నింటికో సిస్టరమ్మకి తెలుసు.

రెండోది, నియమాల్లో లేని ప్రశ్న ఒకటి కలపాలి: ఈ రాత్రి ఎక్కడ పడుకుంటాడు, పక్కన ఎవరుంటారు? కొన్ని రక్తస్రావాలు ధమని తెగి పైపొరకీ పుర్రెకీ మధ్య జరుగుతాయి, మనిషి లేచి మాట్లాడి, బాగానే ఉన్నానని చెప్పి, గంటల్లో పడిపోతాడు. నటాషా రిచర్డ్‌సన్ అనే నటి 2009లో కెనడాలోనే స్కీయింగ్ చేస్తూ పడ్డారు, అంబులెన్స్ వద్దన్నారు, రెండు రోజుల్లో పోయారు. ఆవిడ కూడా పెద్ద ఊరికి దూరంగానే ఉన్నారు. టౌన్లో ఇల్లు, పక్కన తెలివైన భార్య, చేతిలో ఫోను ఉన్న కుర్రాడికి నేను స్కాన్ రాయకుండా ధైర్యంగా పంపుతాను. అదే దెబ్బతో, అవే మార్కులతో, బండి పోని ఊరికి ఒంటరిగా వెళ్లే మనిషిని స్కాన్ తీసైనా పంపాలి, లేదా తెల్లారేదాకా ఉంచుకోవాలి.

"ఒక్క కేసు మిస్సయితే ఎవడు చూస్తాడు?" అని తోటి డాక్టర్లు అంటారు. ఇప్పుడు మిస్సవుతున్నవి వాళ్ల లెక్కలోకి రావడం లేదు, అంతే, అవి మూడు వారాల తర్వాత సాదస్తం పేరుతో ఇళ్లలోనే ఉండిపోతున్నాయి. కుర్రాళ్లకి తీసే స్కాన్లలో సగం మానేస్తే ఆ మిషన్ టైమంతా వీళ్లకొస్తుంది. పంపేటప్పుడు ఇచ్చే చీటీ కూడా ఇంగ్లీషులో గొలుసుకట్టుగా రాసిస్తున్నాం, ఎవరి కోసమో తెలియదు. నేను తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాస్తున్నాను: రెండోసారి వాంతి అయినా, తలనొప్పి పెరుగుతున్నా, లేపితే లేవకపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో లాగినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి, తెల్లారేదాకా ఆగొద్దు. చీటీ చివర, పడిన టైము, ఇంకో నెలలోపు మతిమరుపు వస్తే ఈ చీటీ చూపించమని ఒక లైను. కోడళ్లు దాన్ని ఆ మాత్రల కవర్లోనే పెట్టుకుంటున్నారు.